పుంగనూరు ఆవులు పెరిగాయంటే జాతి గట్టెక్కినట్టేనా?

2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో పొట్టి ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు దేశమంతా తిరిగాయి. అవి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పుంగనూరు ఆవులు. అప్పటికే ఉన్న గిరాకీ ఆ తర్వాత ఇంకా పెరిగింది. ఫోన్ తెరిస్తే హాల్లో సోఫా పక్కన తిరిగే బుల్లి ఆవుల రీల్సే. దూడ ధర లక్షల్లో చెబుతున్నారు. పక్క పేజీలోనేమో ‘అంతరించిపోతున్న పుంగనూరు జాతి’ అని వార్త. ఇంత గిరాకీ ఉన్న ఆవు అంతరించిపోవడమేమిటని చాలామందికి అనుమానం.

లెక్కలు చూస్తే ఆ అనుమానం ఇంకాస్త పెరుగుతుంది. 2013 నాటి జాతులవారీ సర్వేలో పుంగనూరు పశువులు 2,772. 2019 పశుగణనలో 13,275. ఆరేళ్లలో దాదాపు ఐదు రెట్లు! కానీ ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఈనుతుంది, అదీ అన్నీ కుదిరితే. పుట్టిన దూడల్లో సగం కోడెలు. పెయ్య దూడ తొలిచూలు ఈనేసరికి మూడేళ్లు దాటుతుంది. మధ్యలో చావులూ అమ్మకాలూ ఉండనే ఉంటాయి. ఈ వేగంతో ఆరేళ్లలో మంద ఐదు రెట్లు కావడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఆ పెరుగుదలలో కొంత నిజంగా పుట్టిన దూడలది, కొంత అంతకుముందు లెక్కకు ఎక్కని పశువులది, మరికొంత పొట్టిగా ఉంది కదా అని పుంగనూరుగా రాయించుకున్న పశువులది అయ్యుండాలి. గణన చేసే మనిషి జాతిని కంటితో చూసి రాసుకుంటాడు, రక్తపరీక్ష చేయడు. ఆ 13,275లో శుద్ధ జాతిగా రాసినవి 9,876, మిగిలిన 3,399 జాతి లక్షణాలు కొంతవరకు ఉన్నవి.

సరే, పది వేలే అనుకుందాం. అదీ తక్కువేం కాదు. మరి భయమెందుకు? ఎందుకంటే ఒక జాతి బతికి బట్టకట్టడానికి తలల లెక్క సరిపోదు.

జాతి అని దేన్ని అంటారు

ఒక ప్రాంతంలో తరతరాలుగా పెరుగుతూ, ఎక్కువగా తమలో తామే చూలు కడుతూ, చూడగానే పోల్చుకోగలిగే లక్షణాలను పిల్లలకు అందించే పశువుల సమూహం జాతి. మన దేశంలో ఈ జాతులను గుర్తించి నమోదు చేసేది 1984లో ఏర్పడి, ఇప్పుడు హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో. దాని జాబితాలో 50కి పైగా ఆవు జాతులున్నాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఒంగోలు, పుంగనూరు. తెలంగాణ నుంచి నల్లమల అంచుల్లో పెరిగే పొడ తూర్పు.

మన ఊళ్లలో కనిపించే దేశవాళీ పశువుల్లో ఎక్కువ భాగం మాత్రం ఏ జాతికీ చెందవు. వాటినే నాటు ఆవులంటాం. 2019 గణన ప్రకారం దేశంలో ఆవులు, ఎద్దులు, దూడలు అన్నీ కలిపి 19.25 కోట్లు. అందులో విదేశీ, సంకర జాతులు 5.04 కోట్లు, దేశవాళీవి 14.21 కోట్లు. అంతకుముందు 2012 గణనతో పోలిస్తే సంకర జాతులు దాదాపు 27 శాతం పెరిగాయి, దేశవాళీవి 6 శాతం తగ్గాయి. ఇంకో అంకె అంతగా వార్తల్లోకి రాలేదు కానీ నాకు అన్నిటికంటే అదే ముఖ్యమనిపిస్తుంది: మగ పశువులు దాదాపు 30 శాతం పడిపోయాయి. ట్రాక్టర్ వచ్చాక కోడె దూడను సాకడం రైతుకు దండగ అయిపోయింది. ఆంబోతులు రావాల్సింది ఆ కోడె దూడల నుంచే.

జన్యు వైవిధ్యం అంటే రంగుల తేడా కాదు

ప్రతి దూడకూ ప్రతి జన్యువు రెండు ప్రతులుగా అందుతుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకే జన్యువుకు మందలో వేరువేరు రూపాలుండొచ్చు. అలాంటి రూపాలు ఎన్ని ఉన్నాయి, అవి కొన్ని పశువుల్లోనే ఉన్నాయా, మంద అంతటా పరుచుకుని ఉన్నాయా అన్నదే జన్యు వైవిధ్యం. ఇది జాతికీ జాతికీ మధ్య ఉంటుంది, ఒకే జాతి లోపలా ఉంటుంది. ఎక్కువ భాగం జాతి లోపలే ఉంటుందని చాలామందికి తెలియదు. అందుకే చూడ్డానికి మంద నిండుగా ఉన్నా లోపల వైవిధ్యం కరిగిపోతూ ఉండొచ్చు.

దాని అవసరం రెండు విధాలు. ఒకటి రేపటి కోసం. ఎండను తట్టుకోవడం, పిడుదులను తట్టుకోవడం, ఎండుగడ్డితో నెట్టుకురావడం లాంటి గుణాలు ఏ ఒక్క జన్యువు చేతిలోనూ ఉండవు. రేపు ఏ రోగం వస్తుందో, దాన్ని ఏ జన్యురూపం తట్టుకుంటుందో ఇవాళ ఎవరూ చెప్పలేరు. ‘దేశవాళీ ఆవుకు రోగమే రాదు’ అనే మాట నిజం కాదు. 2022లో లంపీ స్కిన్ వ్యాధి వచ్చినప్పుడు దేశంలో లక్షకు పైగా పశువులు చనిపోయాయి. ఎక్కువగా నష్టపోయిన రాజస్థాన్, గుజరాత్‌లలో దేశవాళీ ఆవులూ పెద్ద సంఖ్యలో పోయాయి.

రెండోది ఇవాళ్టి కోసం. ప్రతి పశువులోనూ కొన్ని చెడ్డ జన్యురూపాలు దాగి ఉంటాయి. ఒక్క ప్రతే ఉంటే హాని చేయవు, రెండో ప్రతి కాపాడుతుంది. తల్లీ తండ్రీ దగ్గర బంధువులైతే ఇద్దరి దగ్గరా అదే చెడ్డ రూపం ఉండే అవకాశం ఎక్కువ. దూడకు రెండు ప్రతులూ అవే వచ్చాయంటే చూలు నిలవకపోవడం, బలహీనమైన దూడ పుట్టడం, పాలు తగ్గడం లాంటివి మొదలవుతాయి.

ఊరికి ఒకే ఆంబోతు ఉందనుకోండి. మూడేళ్లు గడిచేసరికి దాని కూతుళ్లే ఎదకు వస్తాయి, మళ్లీ అదే ఆంబోతు దాటుతుంది. తండ్రీకూతుళ్లకు పుట్టిన దూడలో నాలుగో వంతు జన్యువులకు రెండు ప్రతులూ ఒకే మూలం నుంచి వచ్చినవై ఉండే అవకాశం ఉంది. సవతి అన్నాచెల్లెళ్లకు పుడితే ఎనిమిదో వంతు. దీన్నే అంతఃప్రజననం అంటారు.

ఐదు వందల ఆవులు, ఐదు ఆంబోతులు

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఒక మందలో చూలు కట్టే ఆవులు 500, వాటిని దాటే ఆంబోతులు 5 ఉన్నాయనుకుందాం. మొత్తం 505. కానీ తర్వాతి తరంలో ప్రతి దూడకూ సగం జన్యువులు ఆ ఐదింటి నుంచే రావాలి. అంటే మంద పైకి 505గా కనిపించినా, వైవిధ్యం కోల్పోయే వేగంలో చాలా చిన్న మందలా ప్రవర్తిస్తుంది. ఎంత చిన్న మంద? శాస్త్రవేత్తలు ఎఫెక్టివ్ పాపులేషన్ సైజ్ అనే కొలతతో అది చెబుతారు. ఇక్కడ దాన్ని నికర సంఖ్య అని పిలుచుకుందాం.

సూత్రం తేలికే. ఆంబోతుల సంఖ్యను ఆవుల సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగు రెట్లు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. 4 × 5 × 500 అంటే 10,000. దాన్ని 505తో భాగిస్తే సుమారు 20. ఐదు వందల ఐదు పశువుల మంద నికర సంఖ్య ఇరవై!

ఆవులను రెట్టింపు చేసి వెయ్యి చేద్దాం. 4 × 5 × 1000 = 20,000. దాన్ని 1005తో భాగిస్తే మళ్లీ సుమారు 20. ఏమీ మారలేదు. ఇప్పుడు ఆవులను 500 దగ్గరే ఉంచి ఆంబోతులను మాత్రం 25 చేద్దాం. 50,000ను 525తో భాగిస్తే 95. ఇరవై కోడెలు చేరితే నికర సంఖ్య దాదాపు ఐదు రెట్లయింది. ఐదు వందల ఆవులు చేరినా రానిది అది.

నికర సంఖ్య 20 ఉన్న మందలో తరానికి రెండున్నర శాతం చొప్పున అంతఃప్రజననం పెరుగుతుంది. 95 ఉంటే అర శాతం. నికర సంఖ్య కనీసం 50 ఉండాలి, అంటే ఆ పెరుగుదల తరానికి ఒక శాతం దాటకూడదు అన్నది పశు సంరక్షణలో అందరూ వాడే కొండగుర్తు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా జాతుల ప్రమాద స్థాయిని తేల్చేటప్పుడు ఆవులను మాత్రమే చూడదు. చూలు కట్టే ఆవులు వందకు మించకపోయినా, ఆంబోతులు ఐదుకు మించకపోయినా ఆ జాతి తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టే లెక్క.

ఈ సూత్రం కూడా కాస్త ఉదారంగానే ఉంటుంది. ఆంబోతులన్నీ సమానంగా పనిచేస్తాయని అది అనుకుంటుంది. పేరున్న ఆంబోతు ఒక్కటే సగం దూడలకు తండ్రి అయితే నికర సంఖ్య ఇంకా కిందికి దిగుతుంది. పుంగనూరు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్న పక్కనే ఎన్ని ఆంబోతులు, ఎన్ని వంశాలవి అన్న ప్రశ్న కూడా ఎప్పుడూ ఉండాలనేది ఇందుకే. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణన అంకెలు చదివేటప్పుడు సంతతి కోసం ఉంచిన మగ పశువుల వరుసను ముందు చూడండి.

హోల్‌స్టీన్‌లో బయటపడ్డ దాగుడు జన్యువు

ఇదంతా కాగితం మీది లెక్కేనా అంటే, కాదు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే హోల్‌స్టీన్ జాతి తలల లెక్కలో కోట్లలో ఉంది. కానీ దాని నికర సంఖ్య వంద లోపేనని అంచనాలు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో మగ సంతతి వరుసలను వెనక్కి తవ్వుకుంటూ వెళ్తే, ఉత్తర అమెరికాలో వాడుతున్న దాదాపు అన్ని హోల్‌స్టీన్ ఆంబోతులూ 1960ల్లో పుట్టిన రెండే ఆంబోతుల దగ్గరికి చేరాయి.

వాటిలో ఒకటి 1962లో పుట్టిన చీఫ్. దాని కూతుళ్లు విపరీతంగా పాలిచ్చేవి. అందుకే దాని వీర్యం, దాని కొడుకుల వీర్యం ప్రపంచమంతా పాకింది. దానిలో ఒక చెడ్డ జన్యురూపం ఉన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. మనవలూ మునిమనవలూ ఒకరికొకరు దాటుకోవడం మొదలయ్యాక రెండు ప్రతులూ చెడ్డవే అందుకున్న పిండాలు కడుపులోనే చనిపోయేవి. రైతుకు కనిపించేదల్లా ఆవు మళ్లీ ఎదకు రావడం, మన వాడుకలో తిరగపొర్లడం. 2016లో వచ్చిన అంచనా ప్రకారం 35 ఏళ్లలో ఆ ఒక్క జన్యువు వల్ల ప్రపంచవ్యాప్తంగా 5 లక్షలకు పైగా చూళ్లు పోయాయి, నష్టం సుమారు 42 కోట్ల డాలర్లు. అదే పరిశోధకులు ఇంకో మాట కూడా చెప్పారు: చీఫ్ వల్ల పెరిగిన పాల విలువ ఆ నష్టానికి ఎన్నో రెట్లు. మంచి ఆంబోతును ఎక్కువగా వాడాలన్న ఆశ వెనుక నిజమైన లాభమే ఉంది. ఈ చిక్కుముడి అంత తేలిగ్గా విడకపోవడానికి కారణం కూడా అదే.

స్ట్రా మీద నంబరు

మన ఊళ్లలో ‘సూది వేయించడం’ అంటే కృత్రిమ గర్భధారణ. గోపాలమిత్ర తన డబ్బా మూత తీస్తే లోపల ద్రవ నైట్రోజన్ పొగలు కక్కుతుంది. అందులో మైనస్ 196 డిగ్రీల దగ్గర సన్నటి గొట్టాలుంటాయి. పావు మిల్లీలీటరు పట్టే ఆ స్ట్రాను పటకారతో తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తుడిచి, గన్‌లో ఎక్కించి వేస్తాడు. ఆ స్ట్రా మీద చిన్న అక్షరాల్లో జాతి, ఆంబోతు నంబరు, వీర్యం తీసిన తేదీ, కేంద్రం పేరు ఉంటాయి.

పని అయ్యాక స్ట్రా చెత్తలోకి పోతుంది. నంబరు పుస్తకంలోకి ఎక్కితే మూడేళ్ల తర్వాత ఆ పెయ్యకు అదే నంబరు వాడకుండా ఆపొచ్చు. ఎక్కకపోతే తండ్రినే కూతురికి వేసినా ఎవరికీ తెలియదు. ఒక ఆంబోతు నుంచి ఏడాదికి వేల డోసులు వస్తాయి. ఊరి ఆంబోతు చేసే తప్పు ఊరికే పరిమితం, స్ట్రా చేసే తప్పు జిల్లాలు దాటుతుంది. అలాగని సూదిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఊళ్లో మంచి ఆంబోతే లేని చోట వేరే వంశపు రక్తం తెచ్చే సాధనం కూడా అదే. ఏది జరుగుతుందన్నది ఆ రాసుకునే నంబరు మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడ తగ్గి, అక్కడ పెరిగిన ఒంగోలు

ప్రకాశం వైపు పారే గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య నేలలో తయారైన ఒంగోలు గిత్తకు మూపురం, గంగడోలు, తెల్లని ఒళ్లు చూడగానే గుర్తుపట్టేంత ప్రత్యేకం. నల్లరేగడి దున్నడానికీ, బరువు లాగడానికీ తరతరాల రైతులు ఏరుకుంటూ వచ్చిన జాతి ఇది. 19వ శతాబ్దంలో మొదలై 1960ల దాకా ఈ పశువులు ఓడల్లో బ్రెజిల్ చేరాయి. అక్కడ నెలోర్ అంటారు. బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా ఉన్న పశువుల్లో ఎక్కువ భాగంలో ఈ రక్తమే. 2023లో వియాటినా అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా అమ్ముడైన ధరను బట్టి దాని పూర్తి విలువ 40 లక్షల డాలర్లు దాటింది. అది గిన్నిస్ రికార్డుకెక్కింది.

‘మన జాతి అక్కడ కోట్లలో ఉంది కదా, ఇంకేం భయం’ అని కొందరంటారు. కానీ బ్రెజిల్‌లో ఆ జాతి విస్తరణలో 1960ల్లో వెళ్లిన కొద్ది ఆంబోతుల వాటా చాలా పెద్దది. ఒంగోలు పక్క ఊరు కరవది పేరు మీద వెళ్లిన కరవది, ఇంకా గోదావరి, ఆకాశము, తాజ్‌మహల్. వాటి పేర్లు ఇప్పటికీ అక్కడి వంశవృక్షాల్లో పదే పదే కనిపిస్తాయి. పైగా అక్కడ దశాబ్దాలుగా మాంసం కోసం ఏరారు. ఇక్కడి రైతు దుక్కి కోసం, కొంత పాల కోసం ఏరుకున్న జన్యురూపాలు అక్కడ ఉన్నాయన్న భరోసా లేదు. బయటికి వెళ్లింది ఒక పాయ మాత్రమే, మూలం ఇంకా ఈ నేలలోనే ఉంది.

మూలంలో పరిస్థితి? దుక్కి పని ట్రాక్టర్‌కు పోయింది. పాలలో ముర్రా గేదెతోనో జెర్సీ సంకరంతోనో ఒంగోలు ఆవు పోటీపడలేదు. మిగిలిన పెద్ద ఆసరా బండలాగుడు పోటీలు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసు విభాగాలవారీగా జరిగే ఈ పోటీల వల్లే ప్రకాశం, పల్నాడు, గుంటూరు ఊళ్లలో కోడె దూడకు ఇంకా విలువ మిగిలి ఉంది. పశువుకు శ్రమ, హింస అన్న అభ్యంతరం ఉంది, దాన్ని తోసిపుచ్చలేం. అలాగే ఈ పోటీలు లేకపోతే మగ ఒంగోలును సాకడానికి రైతుకు ఇంకే కారణం మిగులుతుందో చెప్పడమూ కష్టమే. వైవిధ్యం వైపు నుంచి చూస్తే ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. గెలిచిన గిత్త సంతానానికే అందరూ ఎగబడితే ఆంబోతుల సంఖ్య మళ్లీ కుంచించుకుపోతుంది.

గుంటూరు దగ్గర లాం, ప్రకాశంలో చదలవాడ, నంద్యాల వైపు మహానంది ఫారాల్లో ఒంగోలు మందలున్నాయి. నెల్లూరు జిల్లా చింతలదేవిలో జాతీయ కామధేను బ్రీడింగ్ సెంటర్ ఉంది. వీటి విలువ ఎన్ని పశువులున్నాయన్న దాంట్లో కంటే, ఎన్ని వేర్వేరు వంశాలను విడివిడిగా నిలబెడుతున్నాయన్న దాంట్లో ఉంది.

పొట్టితనానికి ధర కడితే

పుంగనూరు ఆవు సంప్రదాయంగా మీటరుకు అటూఇటూ ఎత్తు. తక్కువ మేతతో, వానలేని రాయలసీమ అంచుల్లో చిన్న రైతు ఇంట్లో ఇమిడిపోయిన ఆవు అది. ఇప్పుడు మార్కెట్ అడుగుతున్నది అది కాదు. రెండడుగులు, ఇంకా తక్కువ, ఎంత పొట్టి అయితే అంత ధర.

దీనివల్ల రెండు పరిణామాలు. మొదటిది, జాతిలో మరీ పొట్టివాటినే ఏరి వాటిలో వాటినే దాటిస్తే, మామూలు ఎత్తున్న మంచి పుంగనూరు కోడెలు పక్కకు పోతాయి, వాటితో పాటు వాటి జన్యువులూ పోతాయి. రెండోది, వేరే పొట్టి పశువులతో కలిపి పుట్టించినవీ పుంగనూరు పేరుతోనే చెలామణీ అవుతాయి. జాతి పేరు పెరుగుతుంది, జాతి పలచబడుతుంది.

పొట్టితనం కోసమే ఏరడంలో ఎలాంటి ప్రమాదం దాగి ఉండొచ్చో ఐర్లండ్‌కు చెందిన డెక్స్‌టర్ జాతి చూపించింది. అక్కడ ఒక జన్యురూపం ఒక ప్రతి ఉంటే ఆవు ముచ్చటగా పొట్టిగా ఉంటుంది. రెండు ప్రతులూ అదే వస్తే దూడ వికృతంగా తయారై కడుపులోనే చనిపోతుంది. రెండు పొట్టి డెక్స్‌టర్లను జత చేస్తే నాలుగింట ఒక దూడ ఇలా పోయే అవకాశం. పుంగనూరులోనూ అదే జన్యువు ఉందని దీని అర్థం కాదు. ఒక్క గుణం వెంట పడితే లోపల ఏం పోగవుతోందో కంటికి కనిపించదు అన్నంతవరకే.

గిరాకీని పూర్తిగా తప్పుబట్టనూ లేం. ఇరవై ఏళ్ల కిందట ఈ ఆవును అడిగేవాళ్లే లేరు. ధర పెరగబట్టే చాలామంది దూడలను కాపాడుకుంటున్నారు. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా మోస్తున్న బాధ్యతను ఇప్పుడు ప్రైవేటు పెంపకందారులూ పంచుకుంటున్నారు. వంశ వివరాలు రాసుకోవడం, డీఎన్ఏ పరీక్ష చేయించడం ధరతో పాటే వచ్చి ఉంటే ఇంత టెన్షన్ ఉండేది కాదు.

వెచ్చూరు: పాతిక లోపు నుంచి వేలకు

ఇలాంటి దశే దాటిన జాతి పక్కనే ఉంది. కేరళలో 1961 నాటి పశు అభివృద్ధి చట్టం నాటు ఆంబోతులను వట్టలు కొట్టించడం తప్పనిసరి చేసింది. సంకర జాతులు వేగంగా పెరిగాయి, పాలు పెరిగాయి, పొట్టి వెచ్చూరు ఆవు దాదాపు కనుమరుగైంది. 1989లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న శోశమ్మ ఐప్ విద్యార్థులతో కలిసి ఊరూరూ వెతికారు. దొరికిన కొద్ది పశువులతో మన్నుత్తిలో మంద మొదలైంది. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. ఆమెకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

సంఖ్య తిరిగొచ్చింది. కానీ ఇవాళ్టి వేల వెచ్చూరులూ ఆ కొద్దిపాటి పశువుల సంతతే. ఆ ఇరుకు దారి దాటేటప్పుడు పోయిన జన్యురూపాలు ఆవులు ఎన్ని వేలైనా తిరిగి రావు. అందుకే జాతి చేతిలో కొన్ని వందలు ఉండగానే మేల్కోవడం, పాతిక మిగిలాక మేల్కోవడం ఒకటి కాదు.

కాపాడే దారులు, వాటి పరిమితులు

ఒక దారి వీర్యాన్ని గడ్డకట్టించి దాచడం. ఖర్చు తక్కువ, దశాబ్దాలు నిలుస్తుంది. కానీ జాతి పూర్తిగా పోయాక వీర్యంతో తిరిగి తేవాలంటే ఏమవుతుందో చూడండి. వేరే జాతి ఆవుకు ఆ వీర్యం వేస్తే మొదటి తరం దూడలో పాత జాతి వాటా 50 శాతం. ఆ పెయ్యకు మళ్లీ అదే జాతి వీర్యం వేస్తే 75. తర్వాత 87.5, 93.75, ఐదో తరంలో దాదాపు 97. తరానికి నాలుగేళ్లనుకుంటే ఇరవై ఏళ్లు. అప్పుడు కూడా తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా జన్యువులు పాత జాతివి కావు. పిండాలను దాచుకుంటే ఈ సమస్య లేదు, కానీ ఖర్చు చాలా ఎక్కువ.

ఇంకో దారి పిండ మార్పిడి. మంచి ఆవు నుంచి అండాలు తీసి, ల్యాబ్‌లో ఫలదీకరించి, వేరే ఆవుల గర్భాల్లో పెంచడం. 2023లో టీటీడీ గోశాలలో ఒంగోలు ఆవు గర్భం నుంచి సాహివాల్ పెయ్య పుట్టింది ఇలాగే. సంఖ్య వేగంగా పెంచడానికి ఇది బాగా పనికొస్తుంది. అయితే ఒకే దాత ఆవు నుంచి ఇరవై దూడలు పుట్టిస్తే అవన్నీ తోబుట్టువులే. తల్లుల సంఖ్య కూడా ఆంబోతుల సంఖ్యలాగే కుంచించుకుపోతుంది. ఎక్కువ దాతల నుంచి కొద్దికొద్దిగా తీస్తే ఇదే పద్ధతి వైవిధ్యాన్ని కాపాడుతుంది.

మూడోది పాత పద్ధతి, పల్లెలోనే రైతుల మందల్లో నిలబెట్టడం. నాలుగు ఊళ్లు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయనుకుందాం. మొదటి ఊరి ఆంబోతులు రెండేళ్లు కాగానే రెండో ఊరికి, రెండోవి మూడో ఊరికి, మూడోవి నాలుగో ఊరికి, నాలుగోవి మొదటి ఊరికి. ఏ ఆంబోతూ తన కూతుళ్లను చేరే వేళకు ఆ ఊళ్లో ఉండదు. ల్యాబ్ అక్కర్లేదు, నమ్మకమూ ఒక పుస్తకమూ చాలు. వంశం రాసుకోని చోట డీఎన్ఏ చిప్‌లు సాయపడతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పశు బయోటెక్నాలజీ సంస్థ తయారుచేసిన ఇండిగౌ చిప్ 2021లో వచ్చింది. బంధుత్వం ఎంత దగ్గరిదో రక్తం చుక్కతో తేలుతుంది.

నలుగురు నాలుగు మాటలు

దేశవాళీ జాతుల నష్టానికంతా సంకర జాతులే మూలం అని ఒక వాదన. 1970లో మొదలైన పాల విప్లవం, అంటే ఆపరేషన్ ఫ్లడ్ తర్వాత పాడి మీద బతికిన లక్షల కుటుంబాలు దీన్ని ఒప్పుకోవు. సంకర ఆవు రోజుకు సగటున ఎనిమిది కిలోల దాకా ఇస్తే దేశవాళీది అందులో సగమే. చిన్న రైతు నెల ఖర్చు ఆ తేడాలోనే ఉంది. జెర్సీకి నీడ, మేత, మందులు, నీళ్లు ఎక్కువ కావాలన్నది అవతలివారి జవాబు. ఏది లాభమన్నది ఊరిని బట్టి మారుతుంది. నీళ్లున్న డెల్టాకూ, ఎండిన గుట్టలకూ ఒకే సమాధానం ఉండదు.

ఏ2 పాల ప్రచారం ఇంకో ముడి. పాలలోని బీటా కేసీన్ అనే ప్రొటీన్‌లో 67వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం తేడా వల్ల ఏ1, ఏ2 అనే రూపాలు వస్తాయి. మన దేశవాళీ ఆవుల్లో ఎక్కువగా ఏ2 ఉంటుందన్నది నిజం. దానివల్ల జబ్బులు రావన్నది రుజువు కాలేదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2009లోనే ఆధారాలు చాలవంది. మన ఆహార భద్రతా సంస్థ 2024 ఆగస్టులో ప్యాకెట్ల మీద ఆ మాట తీసేయమని చెప్పి కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అంతకంటే చిక్కేమిటంటే, ఏ2 పేరుతో ఎక్కువ లాభపడేది పాలు ఎక్కువిచ్చే గిర్, సాహివాల్ లాంటి జాతులు. ‘దేశవాళీ’ అన్న ఒక్క పేరు కింద గుజరాత్ గిర్ వీర్యాన్ని ఒంగోలు ఆవుకు వేస్తే పుట్టేదీ సంకరమే. జాతిగా ఒంగోలు నష్టపోవడంలో జెర్సీకీ గిర్‌కీ తేడా లేదు. 2014 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ గోకుల్ మిషన్ దేశవాళీ జాతులకు నిధులూ గుర్తింపూ తెచ్చింది. ఏ ప్రాంతంలో ఏ జాతి అన్న హద్దు ఊళ్లో గట్టిగా పాటిస్తేనే దాని ఫలం దక్కుతుంది.

గోవధ చట్టాల మీద కూడా రెండు వైపులా ఆలోచించాల్సిన మాటలున్నాయి. మన రెండు రాష్ట్రాల్లో వర్తించే 1977 నాటి చట్టం ఆవులను, దూడలను వధించడాన్ని నిషేధిస్తుంది. జాతులు మిగలడానికి అదే కంచె అంటారు సమర్థించేవాళ్లు. ముసలి ఎద్దుకు కొనేవాడు లేక రైతు ఆవునే మానేసి గేదె వైపు పోతున్నాడని అవతలివాళ్లు చెబుతారు. వైవిధ్యం లెక్కలో తేలేది ఇంతే: కోడె దూడ రైతు ఇంట్లో మూడేళ్లు బతకడానికి ఏదో ఒక ఆదాయం ఉండాలి. చట్టం దాన్ని చంపకుండా ఆపగలదు, మేపించలేదు.

నల్లమలలో పొడ తూర్పు

ఆ ఆదాయం ఇంకా మిగిలి ఉన్న చోటు ఒకటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ గుట్టల మీద ఒంటి నిండా మచ్చలతో తిరిగే పొడ తూర్పు మందలను లంబాడీ, గొల్ల, చెంచు కుటుంబాలు అడవి మేత మీద పెంచుతున్నాయి. పాలు దూడలకే. అమ్ముకునేది కోడెలను. గుట్టల్లో, రాళ్ల నేలలో దున్నడానికి వాటికి పేరుంది, కురుమూర్తి జాతర దాకా తీసుకెళ్లి అమ్ముతారు. కోడెకు ధర ఉంది కాబట్టి మందలో మగ దూడలు మిగులుతాయి, వాటిలోంచి కాపరులే ఆంబోతులను ఏరుకుంటారు. ఇంతసేపూ చెప్పుకున్న నికర సంఖ్య ఏ ప్రాజెక్టూ లేకుండానే నిలబడుతున్న తీరు ఇది.

అయితే ఆ మేత భూములు అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలో ఉన్నాయి. మందలు అడవిలో దిగితే జింకలకు మేత తగ్గుతుందని, గాలికుంటు లాంటి రోగాలు వన్యప్రాణులకు పాకుతాయని అటవీ సంరక్షకుల ఆందోళన, అది అకారణం కాదు. అడవి దారులు మూస్తే మంద అమ్ముకోవడం తప్ప దారి లేదని కాపరుల మాట, అదీ అంతే నిజం. ఏ కాలంలో, ఏ గుట్ట దాకా, ఎన్ని పశువులు, టీకాలు ఎవరు వేయాలి అన్నది ఆ రెండు పక్షాలూ కూర్చుని తేల్చుకోవాల్సి ఉంది. పొడ తూర్పు జాతిగా జాబితాకెక్కింది. దాని మేత హక్కు మాత్రం ఇంకా తేలలేదు.